జీవగ్రంథానికి అక్షరాలు పోసే ఎంజైములు

దక్షిణ ఢిల్లీలోని అన్సారీనగర్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి ప్రధాన కార్యాలయం ఇరుగు పొరుగుగా ఉన్నాయి. రెండవ భవనానికి వులిమిరి రామలింగస్వామి పేరు పెట్టారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన ఈ వైద్యశాస్త్రజ్ఞుడు 1969 నుండి పదేళ్ళపాటు మొదటి సంస్థకు సంచాలకులుగాను, అటుపిమ్మట 1986 వరకు పరిశోధన మండలికి మహాసంచాలకులుగాను వ్యవహరించారు. పోషకాహార లోపం మానవ శరీరాన్ని ఏ విధంగా క్షీణింపజేస్తుందో తెలుసుకొనడం ఆయన పరిశోధనలలో ప్రధాన భాగం.

ఈ రెండు సంస్థలు చేసిన పనులను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం కానవస్తుంది. గర్భం ధరించబోయే స్త్రీకి ఒక విటమిన్‌ను ముందుగానే సమకూర్చితే బిడ్డకు మేలు కలుగుతుందా అని పరిశోధన మండలి పరీక్షించింది. సరిగా అదే విటమిన్ పనిచేయకుండా అడ్డుపడే ఔషధాన్ని రక్తపు కేన్సరుతో బాధపడే పిల్లలకు వైద్య విజ్ఞాన సంస్థలో ఇస్తున్నారు. ఒకచోట పోషించేదీ, మరొకచోట నిరోధించేదీ ఒక్కటే. అది జీవకణంలో డి.ఎన్.ఏ.కు కావలసిన ముడిసరుకును తయారుచేసే ఎంజైముల పని. ఆ పనిలో కీలకమైన ఎంజైములను వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. కాని తల్లి కడుపులోని పిండం మొదలు మలేరియా క్రిమి వరకు పెరిగే ప్రతి జీవీ వాటి మీదనే ఆధారపడి ఉన్నది. ఈ కిటుకు తెలిసినవారికి కొన్ని మందులు ఎందుకు మేలు చేస్తాయో, ఏ పొరపాటు జరిగితే అవే మందులు ప్రాణం తీస్తాయో కూడా బోధపడుతుంది.

నిల్వలు లేని కర్మాగారం

జీవి లక్షణాలన్నీ డి.ఎన్.ఏ. అనే సుదీర్ఘమైన అణువులో లిఖితమై ఉంటాయన్న సంగతి నేడు పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. ఆ లిపిలో అక్షరాలు నాలుగే: అడెనిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్. ప్రతి అక్షరానికీ ఒక చక్కెర అణువు, దానికి ఫాస్ఫేటు జతపడి ఉంటాయి. ఈ విధంగా మూడు భాగాలు కలిసి ఏర్పడిన ఇటుకను న్యూక్లియోటైడ్ అంటారు.

మానవ శరీరంలోని ఒక్కొక్క కణంలో ఈ అక్షరాల జంటలు సుమారు 640 కోట్లు ఉంటాయి. కణం రెండుగా చీలడానికి ముందు ఈ గ్రంథమంతటికీ మరొక ప్రతి తయారు కావాలి. అందుకు దాదాపు 1,280 కోట్ల కొత్త న్యూక్లియోటైడ్లు అవసరం. వ్రాతపని సుమారు ఎనిమిది గంటలలో ముగుస్తుంది. ఆశ్చర్యం కలిగించే విషయమేమంటే, ఇంతటి పనికి పూనుకొనే కణం ముడిసరుకును ముందుగా నిల్వచేసుకొనదు. ఏ క్షణాన చూసినా దానివద్ద ఉన్న న్యూక్లియోటైడ్లు కొద్ది నిమిషాల పనికి మాత్రమే సరిపోతాయి.

పూర్వం అచ్చాఫీసులలో సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలలో నింపి ఉంచేవారు. కంపోజిటర్లు వాటిని ఏరి వరుసలుగా పేర్చేవారు. కణంలో అటువంటి గళ్ళపెట్టె లేదు. ఒక ప్రక్క పేర్పు సాగుతూ ఉండగానే మరొక ప్రక్క అక్షరాలను పోతపోస్తూ ఉండవలసిందే. పోత ఆగిన మరునిమిషంలో పేర్పు ఆగిపోతుంది. సగం వ్రాసిన గ్రంథంతో కణం మనలేదు.

అన్ని కణాలకూ ఈ తొందర ఉండదు. పెద్దవారి మెదడులోని నాడీకణాలు ఇంచుమించు విభజన చెందనే చెందవు. ఎముకల మూలుగ సంగతి అట్లా కాదు. అది సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలను తయారుచేసి రక్తంలోకి పంపుతూ ఉంటుంది. ప్రేవుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. గర్భస్థ పిండం, వెంట్రుకల కుదుళ్ళు, కేన్సరు కణాలు కూడా ఈ కోవకు చెందినవే. అందువల్లనే అక్షరాల పోత మందగించినప్పుడు మొట్టమొదట పాలిపోయేది రక్తం, పుండ్లుపడేది నోరు, రాలిపోయేవి వెంట్రుకలు. ఒక విటమిన్ లోపించినా, ఒక కేన్సరు మందు ఇచ్చినా లక్షణాలు కొంతవరకు ఒకే పోలికలో ఉండడానికి కారణం ఇదే.

ఒక్క ఆక్సిజన్ తేడా

కణంలో డి.ఎన్.ఏ.తోపాటు ఆర్.ఎన్.ఏ. అనే మరొక లిపి కూడా ఉన్నది. ఆర్.ఎన్.ఏ. అవసరం కణానికి అనుక్షణం ఉంటుంది గనుక దాని ఇటుకలు ఎప్పుడూ సమృద్ధిగా దొరుకుతాయి. రెండు రకాల ఇటుకలకూ ముఖ్యమైన తేడా చక్కెర భాగంలోని ఒకే ఒక ఆక్సిజన్ పరమాణువు. దానిని తొలగించి ఆ స్థానంలో హైడ్రోజన్‌ను మాత్రమే మిగిల్చితే ఆర్.ఎన్.ఏ. ఇటుక డి.ఎన్.ఏ. ఇటుకగా మారిపోతుంది.

చెప్పడానికి సులభమైన ఈ మార్పు రసాయనశాస్త్రం దృష్ట్యా చాల కష్టమైనది. ఆ పని చేసే ఎంజైము పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేస్. స్వీడన్ శాస్త్రజ్ఞుడు పీటర్ రైఖార్డ్, ఆయన సహచరులు 1960 దశకం నుండి బాక్టీరియాలలో దీనిని పరిశోధించి దాని స్వరూపాన్ని వెల్లడించారు. అది పనిచేసే తీరును వివరించడంలో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జోఆన్ స్టబ్ కృషి సుప్రసిద్ధం. ఈ ఎంజైములో రెండు ఇనుప పరమాణువుల చెంత, జత వీడి ఒంటరిగా మిగిలిన ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అటువంటి ఎలక్ట్రాన్ గల భాగాన్ని ఫ్రీ రాడికల్ అంటారు. సాధారణంగా ఫ్రీ రాడికల్ అంటే కణానికి హాని చేసే నిప్పురవ్వ. ఇక్కడ ఆ నిప్పురవ్వనే ఎంజైము తన గర్భంలో భద్రంగా దాచుకొని, పని వచ్చినప్పుడు వాడుకొని, మళ్ళీ యథాస్థానంలో ఉంచుతుంది.

మరొక విశేషం ఉన్నది. నాలుగు అక్షరాలకు చెందిన ఇటుకలనూ మార్చేది ఈ ఒక్క ఎంజైమే. ఏ అక్షరం ఎక్కువై, ఏది తక్కువైనా వ్రాతలో తప్పులు దొర్లుతాయి. అందువల్ల తయారైన ఇటుకలే తిరిగి వచ్చి ఎంజైముకు అంటుకొని, తరువాత ఏ ఇటుక కావాలో దానికి తెలియజేస్తాయి. అడెనిన్ ఇటుకలు అవసరానికి మించితే అవి ఎంజైమును పూర్తిగా ఆపివేస్తాయి. పై అధికారి అంటూ లేకుండా సరుకే కర్మాగారాన్ని అదుపుచేసే ఏర్పాటు ఇది.

ఈ ఎంజైమును అరికట్టే మందు హైడ్రాక్సీయూరియా. 1869లోనే జర్మనీలో దానిని తయారుచేశారు గాని, దాని వైద్యోపయోగం తెలియడానికి శతాబ్దం దగ్గర పట్టింది. అది ఎంజైములోని నిప్పురవ్వను ఆర్పివేస్తుంది. మొదట కొన్ని రక్తపు కేన్సర్లకు వాడిన ఈ మందు కొడవలికణ వ్యాధికి కూడా ఉపకరిస్తుందని తరువాత తేలింది. ఆ రోగులలో అది గర్భస్థ శిశువు రక్తంలో ఉండే రకపు హీమోగ్లోబిన్‌ను పెంచి, ఎర్రకణాలు కొడవలి ఆకారానికి వంగిపోకుండా చాలవరకు కాపాడుతుంది. భారత ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో కొడవలికణ వ్యాధి నిర్మూలన ఉద్యమాన్ని ఆరంభించింది. ఏడు కోట్లమందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఈ వ్యాధి ఎక్కువగా కానవచ్చే గిరిజన ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఉన్నాయి. స్వీడన్‌లో బాక్టీరియా ఎంజైము మీద సాగిన పరిశోధన ఎటువంటి మందు పనితీరును వివరించిందో గమనించదగినది.

థైమిన్‌కు కూలి మోసే విటమిన్

నాలుగు అక్షరాలలో థైమిన్ కథ ప్రత్యేకమైనది. ఆర్.ఎన్.ఏ.లో దాని స్థానంలో యురాసిల్ ఉంటుంది. యురాసిల్‌కు ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజన్లు గల చిన్న గుంపును తగిలిస్తే థైమిన్ అవుతుంది. ఆ పని చేసేది థైమిడిలేట్ సింథేస్ అనే ఎంజైము. కర్బనాన్ని మోసుకొనివచ్చి దాని చేతికి అందించే కూలి ఫోలిక్ ఆమ్లం.

ఈ కూలి బరువు దించిన తరువాత అలసిపోయిన రూపంలోకి మారుతుంది. దానిని తిరిగి పనికి సిద్ధంచేయడం డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ అనే మరొక ఎంజైము వంతు. ఈ రెండు ఎంజైములూ కలిసి ఒక చక్రాన్ని తిప్పుతూ ఉంటాయి. చక్రంలో ఏ చోట అడ్డుపడినా థైమిన్ ఉత్పత్తి కుంటుపడుతుంది.

థైమిన్ కొరత కేవలం వ్రాతను ఆపడంతో సరిపెట్టదు. థైమిన్ దొరకనప్పుడు కణం పొరపాటున యురాసిల్‌ను ఆ స్థానంలో పేర్చుతుంది. తప్పులు దిద్దే ఎంజైములు దానిని గుర్తించి కోసివేస్తాయి. కాని ఖాళీని నింపడానికి థైమిన్ లేదు గనుక మళ్ళీ యురాసిలే వచ్చి చేరుతుంది, మళ్ళీ కోత పడుతుంది. కోతలపై కోతలు పడి చివరకు డి.ఎన్.ఏ. పోగులు తెగిపోతాయి. మరమ్మతు చేసేవాడే ఇల్లు కూల్చినట్లవుతుంది. ఫోలిక్ ఆమ్లం లోపించిన రోగి మూలుగలో చీలలేక ఉబ్బిపోయిన పెద్దపెద్ద కణాలు సూక్ష్మదర్శినిలో కనిపించడం దీని పర్యవసానమే.

ఈ రకపు రక్తహీనతను గర్భిణీ స్త్రీలలో శ్రద్ధగా అధ్యయనం చేసినది ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్. 1928 నుండి ఆమె బొంబాయిలో మిల్లు కార్మిక కుటుంబాల స్త్రీలను పరీక్షించారు. ఈస్టు నుండి తీసిన సారాన్ని ఇచ్చినప్పుడు వారు కోలుకొనడం గమనించి 1931లో ప్రకటించారు. ఆ సారంలోని పదార్థమేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి దానిని వేరుచేసి, లాటిన్ భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాట నుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

భీమవరం నుండి బోస్టన్

అటుపైన కథ ఒక తెలుగువాని చేతికి వచ్చింది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో వైద్యవిద్య ముగించి, 1920ల ఆరంభంలో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. ప్రేవులు ఆహారాన్ని గ్రహించలేక రోగి రక్తహీనుడై శుష్కించిపోయే ఆ వ్యాధిలో ఫోలిక్ ఆమ్లపు కొరత ప్రధానమైనదని తరువాతి కాలంలో స్పష్టపడింది. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టి, కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని 1929లో వెలికితీసిన సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. ఆయన నాయకత్వాన అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించి 1945లో ప్రకటించింది. స్ప్రూ రోగులకు అది మందయింది.

ఇదే సమయంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సరుతో చనిపోయే పిల్లలను చూస్తున్నారు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన పదార్థాలను ఇచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా విజృంభించినట్లు ఆయనకు తోచింది. కేన్సరు కణాలకు ఈ విటమిన్ మేతగా ఉపయోగపడుతున్నదంటే, మేత దక్కకుండా చేస్తే ఏమవుతుంది? రూపంలో విటమిన్‌ను పోలి ఉండి, పని మాత్రం చేయని నకిలీ అణువులు అందుకు కావాలి. వాటిని అందించినది సుబ్బారావు బృందమే. అమినోటెరిన్ అనే ఆ పదార్థాన్ని 16మంది పిల్లలకు ఇవ్వగా 10మందిలో వ్యాధి కొంతకాలం వెనుకంజవేసింది. 1948 జూన్‌లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఉపశమనం శాశ్వతం కాలేదు. అయినా రక్తపు కేన్సరుకు మందు ఉండడం సాధ్యమేనని ప్రపంచానికి తెలిసివచ్చింది. రెండు నెలలకే, అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో 53వ ఏట కన్నుమూశారు.

అమినోటెరిన్ స్థానాన్ని కొద్దికాలంలోనే దాని సోదరి వంటి మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్‌ను గట్టిగా పట్టుకొని వదలదు. అలసిన కూలి తిరిగి లేవడు, థైమిన్ తయారుకాదు. 1956లో గర్భకోశానికి సంబంధించిన ఒక అరుదైన కేన్సరును ఈ మందు పూర్తిగా నయంచేయగలదని లీ, హెర్ట్జ్ అనే వైద్యులు చూపారు. నేడు పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో ఇతర ఔషధాలతో కలిపి దీనిని వాడుతున్నారు. సంపన్న దేశాలలో అట్టి పిల్లలలో పదింట తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. అన్సారీనగర్‌లోని కేన్సరు ఆస్పత్రి, దానికి అనుబంధంగా 2019లో హర్యానాలోని ఝజ్జర్ జిల్లా బాడ్సాలో ఆరంభమైన జాతీయ కేన్సరు సంస్థ వంటి చోట్ల వైద్యులు చేతబట్టే ఆయుధాలలో భీమవరం బిడ్డ వదలివెళ్ళిన ఈ ఆస్తి ఒకటి.

నాలుగు వారాల గడువు

నిరోధించవలసిన చోట నిరోధించడం ఎంత అవసరమో, పోషించవలసిన చోట సకాలంలో పోషించడం అంతకంటె అవసరం. పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం ధరించిన 28వ రోజుకే మూసుకొనిపోవాలి. అది సరిగా మూసుకొనకపోతే బిడ్డ వెన్ను తెరచుకొని పుట్టడం, మెదడు ఏర్పడకనే పోవడం వంటి ఘోరాలు జరుగుతాయి. ఈ లోపాలు ఉత్తర భారతదేశంలో అధికంగా ఉన్నాయని వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఈశ్వర్‌చంద్ర వర్మ 1978లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

ఇటువంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ఫోలిక్ ఆమ్లంతో కూడిన విటమిన్లను గర్భధారణకు పూర్వం నుండే ఇచ్చి ఫలితాన్ని పరిశీలించడానికి భారత వైద్య పరిశోధన మండలి 1988లో అనేక కేంద్రాలలో పరీక్ష ఆరంభించింది. అది సాగుతూ ఉండగానే 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాలలో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఫోలిక్ ఆమ్లం తీసుకొన్న తల్లులలో ఈ లోపాలు తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఇంతటి మేలు తెలిసిన తరువాత కొందరు తల్లులకు ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం ధర్మం కాదు గనుక ఇక్కడి పరీక్షను విరమించారు. అప్పటికి లభించిన లెక్కలలో విటమిన్ తీసుకొన్నవారిలో సుమారు 3 శాతం, తీసుకొననివారిలో 7 శాతం గర్భాలలో లోపం పునరావృతమయింది. పరీక్ష మధ్యలో ఆగినందువల్ల సంఖ్యలు చిన్నవి. అవి చూపిన దిశ మాత్రం బ్రిటిష్ ఫలితాలు చూపిన దిశే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన దేశంలో గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను నాలుగవ నెల నుండి 180 రోజులు ఇస్తారు. రక్తహీనతకు అది సరైన మందే. కాని పిండం నాళం మూసుకొనడానికి ప్రకృతి ఇచ్చిన గడువు నాలుగు వారాలే. చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలిసేసరికి ఆ గడువు ముగియవస్తుంది. అందువల్ల గర్భం కోరుకొనే స్త్రీ ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొంటూ, మొదటి మూడు నెలలూ కొనసాగించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. అంతకుముందు లోపంగల బిడ్డను కన్నవారికి వైద్యులు ఇంతకు పదిరెట్లు మోతాదు సూచిస్తారు. ఆకుకూరలు, శనగలు, పెసలు వంటి పప్పుధాన్యాలు ఈ విటమిన్‌కు మంచి ఆధారాలే. అయితే ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోస్తే అందులో చాల భాగం పోతుంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఫోలిక్ ఆమ్లం తన పని తాను చేయడానికి బి-12 విటమిన్ సాయం కావాలి. అది శాకాహారంలో పాలు, పెరుగులలో తప్ప దొరకదు. బి-12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది గాని, లోలోపల నరాల క్షీణత సాగిపోతూనే ఉంటుంది. రక్తహీనతకు కారణమేదో తెలుసుకొనకుండా మాత్రలు మింగరాదని వైద్యులు చెప్పేది అందుకే.

ద్వారకలో మరొక పోరాటం

ఢిల్లీ పడమటి భాగంలోని ద్వారకలో జాతీయ మలేరియా పరిశోధన సంస్థ ఉన్నది. 1977లో మలేరియా పరిశోధన కేంద్రంగా వెలసిన ఈ సంస్థ ఎదుర్కొన్న సమస్యలలో ఒకటి ఈ ఎంజైముకు సంబంధించినదే. మలేరియా క్రిమి మానవుని రక్తకణంలో చొరబడి ఒకటికి పదులుగా పెరుగుతుంది. అందుకు దానికి కూడా థైమిన్ కావాలి, డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ కావాలి. అయితే దాని ఎంజైము మన ఎంజైముకంటె కొద్దిగా వేరు. ఆ కొద్దిపాటి తేడాను ఆసరాగా తీసుకొని క్రిమి ఎంజైమునే పట్టుకొనే పైరిమెథమిన్‌ను, బాక్టీరియాల ఎంజైమును పట్టుకొనే ట్రైమెథోప్రిమ్‌ను జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్‌ల బృందం రూపొందించింది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమానం లభించింది. పైరిమెథమిన్‌తో జతగా సల్ఫడాక్సిన్ ఇస్తే, క్రిమి తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని స్వయంగా తయారుచేసుకొనే దారి కూడా మూసుకొనిపోతుంది. మనం ఆ విటమిన్‌ను ఆహారం నుండి పొందుతాము గనుక మనకు ఆ దెబ్బ తగలదు.

కాని క్రిమి ఊరకుండలేదు. దాని ఎంజైములో 108వ స్థానంలోని ఒక్క అమినో ఆమ్లం మారితే చాలు, పైరిమెథమిన్ పట్టు సడలుతుంది. 51, 59, 164 స్థానాలలో కూడా మార్పులు చేరితే మందు మరింత నిష్ఫలమవుతుంది. దేశంలోని పలు ప్రాంతాల రోగుల రక్తాన్ని పరీక్షించి ఈ మార్పుల వ్యాప్తిని ఢిల్లీ శాస్త్రజ్ఞులు కనిపెడుతూ వచ్చారు. 2010లో ఫాల్సిపారం మలేరియాకు ఆర్టిసునేట్‌తోపాటు ఈ జంటమందును దేశమంతటా నిర్ణయించారు. ఈశాన్య రాష్ట్రాలలో అది విఫలమవుతున్నట్లు తేలగా 2013లో అక్కడ దాని బదులు ఆర్టిమెథర్, లుమిఫాంట్రిన్‌ల మిశ్రమాన్ని ప్రవేశపెట్టారు. ఒక ప్రోటీన్‌లోని ఒకటి రెండు పూసల మార్పు జాతీయ విధానాన్నే మార్పించింది.

వారానికొక్కసారి మాత్రమే

ఈ ఎంజైముల సంగతి ఆస్పత్రులకే పరిమితం కాదు, అనేక గృహాలలోని మందులపెట్టె వరకు వచ్చింది. కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి మెథోట్రెక్సేట్‌ను స్వల్ప మోతాదులో సంవత్సరాల తరబడి వాడుతున్నారు. సక్రమంగా వాడితే అది చేతివ్రేళ్ళు వంకరపోకుండా, రోగి మంచాన పడకుండా కాపాడే మేలైన మందు. ఈ జబ్బులలో దానిని వారానికి ఒక్కరోజు మాత్రమే తీసుకోవాలి. మన ఇళ్ళలో మాత్ర అంటే ఉదయం సాయంత్రం వేసుకొనేదన్న అలవాటు బలంగా ఉన్నది. చీటీలోని వ్రాత అర్థంకాక, లేదా వృద్ధులు మతిమరుపు వల్ల, దీనిని ప్రతిరోజూ మింగిన ఉదంతాలు అనేక దేశాలలో సంభవించాయి. కొన్ని మరణంతో ముగిశాయి.

అందుకు కారణం ఇంతవరకు చెప్పిన కథలోనే ఉన్నది. వారానికొక మోతాదు తీసుకొన్నప్పుడు మూలుగలోని కణాలకు తిరిగి తేరుకొనే వ్యవధి దొరుకుతుంది. ప్రతిరోజూ మింగితే ఆ వ్యవధి ఉండదు. నోటిలో పుండ్లు, జ్వరం, విరేచనాలు, చర్మంపై ఎర్రని చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయక మాత్ర ఆపి ఆస్పత్రికి చేరాలి. ఫోలినిక్ ఆమ్లమనే మందు అడ్డుపడిన ఎంజైమును దాటి నేరుగా కణానికి పనికివచ్చే విటమిన్‌ను అందిస్తుంది. దానిని ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. గర్భం కోరుకొనేవారు ఈ మందును ఎంతమాత్రం వాడరాదు. పిండానికి అత్యవసరమైనదానినే అది అడ్డగిస్తుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో మందు శరీరంలో నిలిచిపోతుంది గనుక వారి విషయంలో మరింత జాగరూకత అవసరం.

వైద్యులు వారంలో ఒక నిర్ణీత దినాన్ని చీటీపై తెలుగులో పూర్తిగా వ్రాసి ఇవ్వడం, ఇంటివారు ఆ దినాన్ని కేలండరుపై గుర్తుపెట్టడం, ఫోలిక్ ఆమ్లం మాత్రను వేరొక రోజున వేసుకొనడం ఈ ప్రమాదాన్ని నివారించే సులభోపాయాలు. వీటికి ఖర్చు లేదు. పసుపుపచ్చగా ఉండే ఈ రెండు మాత్రలనూ ప్రక్కప్రక్కన ఉంచినప్పుడు కన్ను మోసపోవచ్చు. ఒకటి కణానికి అక్షరాలు పోయడానికి తోడ్పడుతుంది, రెండవది ఆ పోతను ఆపుతుంది. ఏది ఏ రోజున వేసుకోవాలో ఇంటిలో ఒకరికంటె ఎక్కువమందికి తెలిసి ఉండడం మంచిది.